మా అయ్య జీపు



గ్రూపులో ఎప్పుడూ నోటిఫికేషన్లు, హాస్టల్ సమస్యలు, జీవోల గురించే రాసుకుంటాం. ఈసారి వేరే సంగతి. పోయిన వేసవిలో ఇంటి దగ్గర మా అయ్య పాత మహీంద్రా జీపు బాగు చేశాను. నిజం చెప్పాలంటే ముందు చెడగొట్టాను, తర్వాత ఇద్దరం కలిసి బాగు చేశాం.

మహీంద్రా వాళ్లు బండ్ల పని విల్లీస్ జీపులు బిగించడంతో మొదలుపెట్టారని చదువుకున్నాను. మా పాడేరు వైపు మాత్రం జీపంటే సంతే. పైన పసుపు బస్తాలు, లోపల మనుషులు, వెనక మెట్టు మీద వేలాడుతూ మాలాంటి పిల్లలు. మా చెల్లి పుట్టింది కూడా ఆసుపత్రికి పోతుండగా ఘాట్ రోడ్డులో, ఈ జీపు వెనక సీటు మీదే. ఆటోలు పెరిగాక చింతచెట్టు కింద ఆరేళ్లు నిలబడిపోయింది. తుక్కు కొనేవాడొచ్చి కిలోల లెక్కన అడిగాడు. చెల్లి కాలేజీ ఫీజు కట్టాల్సిన రోజులవి. అయ్య ఔననలేదు, కాదనలేదు. "నెల రోజులు ఆగయ్యా" అన్నాను.

ఐటీఐలో ఫిట్టర్ చదివాను కదా, అన్నీ వచ్చనుకున్నాను. తుప్పు పట్టిన బోల్టులకి రాత్రంతా డీజిల్ పోసి నానబెట్టి, పొద్దున్నే విప్పాను. ఎక్కడి బోల్టులు అక్కడే వేరే వేరే సీసాల్లో వేశాను. డ్రైవరు సీటు కింద డీజిల్ ట్యాంకు ఉంటది, వెల్డింగు ముందు దాన్ని, బ్యాటరీని తీసేయాలి, మర్చిపోకండి. పాడైన ఫ్లోరు కోసి, అట్టముక్కతో కొలత తీసి, కొత్త రేకు అతికించాం. గ్రైండరుతో తుప్పు గీకి రెడాక్సైడ్ కొట్టాం. ఇంతవరకు బాగానే ఉంది.

విశాఖలో పాత సామాన్ల దగ్గర ఎడమ మడ్‌గార్డు దొరికింది. బిగించి, గట్టిగా టైటు చేసి, రంగు కూడా వేసేశాను. తీరా బానెట్ వేస్తే కూచోదు. ఒక పక్క వేలు దూరేంత సందు, రెండో పక్క రేకు మీద రేకు! మడ్‌గార్డుదే తప్పనుకొని సుత్తితో కొట్టాను. వంగింది, రంగు పెచ్చులూడింది. రెండు వేలు పెట్టి కొన్న సామాను.

అయ్య అరవలేదు. దూరంగా పోయి కూచుని కాసేపు చూశాడు. "మడ్‌గార్డు కాదురా, బండే వాలింది. కింద సూడు" అన్నాడు.

కింద చూస్తే, బాడీకి ఛాసీకి మధ్య ఉండే రబ్బర్లు ఎడమ పక్క కొత్తవి వేసి, కుడి పక్క నలిగిపోయిన పాతవే ఉంచేశాను. డబ్బులు చూసుకొని చేసిన పని. బాడీ ఒరిగితే గ్రిల్లుకి, మడ్‌గార్డులకి, బానెట్‌కి లెక్క ఎలా కుదురుతది? రెండో పక్క కూడా మార్చాం. అన్నీ వదులుగా పెట్టి, బానెట్ మూసి, సందులు సమానంగా వచ్చేదాకా అటూ ఇటూ జరిపి, అప్పుడు టైటు చేశాం. రంగు చివర్న. మడ్‌గార్డు మీద నా సుత్తి దెబ్బలు పుట్టీ కింద ఇప్పటికీ తెలుస్తాయి.

తుక్కువాడు మళ్లీ వచ్చాడు. అయ్య మిరియాలు తక్కువ ధరకే ముందుగా అమ్మి ఫీజు కట్టేశాడని నాకు అప్పుడే తెలిసింది.

బండి 15 ఏళ్లు దాటింది కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలి, అందాకా రోడ్డెక్కించం. వెనక తలుపుకి ఎడమ కొక్కెం ఒక్కటే దొరకలేదు, ప్రస్తుతానికి తాడు కట్టాం. ఎవరి ఊళ్లోనైనా పాత జీపుది ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను.