అమ్మ చేతిరాతకి కోడ్

వేరా మోల్నార్ 1968లో పారిస్‌లో కంప్యూటర్‌తో బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. 1959 నుంచి అప్పటిదాకా ఆవిడ పద్ధతి ఇంకా విచిత్రం. మెషిన్ దొరకలేదు కాబట్టి తానే మెషిన్ అనుకుని, రూల్స్ రాసుకుని, ఒక్కో స్టెప్పూ చేత్తో గీసేవారు. పరీక్షలో మనం పేపర్ మీద కోడ్ రన్ చేసి అవుట్‌పుట్ రాస్తాం చూడండి, అలా. మనం మార్కుల కోసం ఒక్క పూట, ఆవిడ దాదాపు పదేళ్లు!

చతురస్రాలని ర్యాండమ్‌గా కొంచెం కొంచెం కదిపిన సిరీస్‌లే ఆవిడవి ఎక్కువ ఫేమస్. నేను ఆగిపోయింది మాత్రం 1980ల్లో చేసిన 'మా అమ్మ ఉత్తరాలు' దగ్గర. బుడాపెస్ట్ నుంచి వాళ్లమ్మ రాసే ఉత్తరాల్లో ప్రతి లైనూ ఎడమవైపు కుదురుగా మొదలై, కుడివైపుకి వెళ్లేకొద్దీ కంగారుపడిపోయేదట. వేరా ఆ కంగారుని ప్రోగ్రాంలో పెట్టారు. ప్లాటర్ గీసిన ఆ లైన్లలో చదవడానికి ఒక్క మాట కూడా ఉండదు. అయినా చూడగానే ఉత్తరమని తెలిసిపోతుంది.

ర్యాండమ్ ఫంక్షన్‌తో మేము ల్యాబ్‌లో పాచికలు వేయించి వదిలేశాం.

మా అమ్మ ఇప్పుడు వాయిస్ మెసేజ్‌లే పంపుతుంది. హాస్టల్లో నా దగ్గర ఉన్న అమ్మ రాత, సీసా మీద అంటించిన 'ఆవకాయ' చీటీ ఒక్కటే. 'య' దగ్గరికొచ్చేసరికి అక్షరం కిందికి జారుతుంది. ఎన్ని డిగ్రీలో కొలవాలి. పచ్చడి అయిపోయి నెలైంది, సీసా ఇంకా కడగలేదు.