తాడు ఎక్కడ కట్టాలి

నా బండిని అమ్మేయమని చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. 2023లో అనంతపురంలో ఉద్యోగం వచ్చిందనగానే మా అన్నయ్య మొదట అన్నది అదే. "లెక్చరర్‌వి కదా, అక్కడ స్కూటీ కొనుక్కో." పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు ఫెలోషిప్ డబ్బు కూడబెట్టి కొన్న 150 సీసీ యూనికార్న్ అది. వలసకూలీ స్త్రీల పాటల కోసం పాలమూరు ఊళ్ళు దానిమీదే తిరిగాను. నా పేరున కాగితమున్న ఆస్తి అదొక్కటే.

సామానుతోపాటు బండినీ బొలేరో పికప్‌లో వేయించాను. చెక్కపలక ఆనించి ముగ్గురు ఎక్కించారు. పేచీ ఆ తర్వాతే వచ్చింది. డ్రైవర్ సైడ్ స్టాండ్ వేసి, ఒకే నైలాన్ తాడుతో హ్యాండిల్‌నీ సీటునీ చుట్టేసి, "అయిపోయింది మేడమ్, మీరు పక్కకు రండి" అన్నాడు.

నేను పక్కకు రాలేదు. స్టాండ్ మీద కట్టిన బండి ప్రతి గుంతకీ బరువంతా ఆ ఒక్క కాలి మీదే మోపుతుంది. స్టాండ్ వంగుతుంది, తాడు వదులవుతుంది. బండి రెండు చక్రాల మీద నిటారుగా నిలబడాలి. ముందు చక్రం క్యాబిన్ వైపు గోడకి ఆనాలి, గేరు వేసి ఉండాలి. నేను కొనిపెట్టుకున్న రాచెట్ బెల్టులు నాలుగు. ముందువి రెండూ హ్యాండిల్ చివర్లకు కాదు, ఫోర్కుని పట్టి ఉంచే కింది క్లాంపుకి వేసి, కుడికొకటి ఎడమకొకటి, కిందికీ ముందుకీ ఏటవాలుగా లాగాలి. షాకబ్జర్లు సగం దాకా కుంగితే చాలు. పూర్తిగా నొక్కేస్తే కుదుపుకి చోటుండదు. అసలు నొక్కకపోతే గుంతలో బండి కుంగినప్పుడు బెల్టు వదులై కొక్కెం ఊడొస్తుంది. వెనక చక్రం అటూ ఇటూ జారకుండా మిగతా రెండు.

"ఇవన్నీ మీకెవరు చెప్పారమ్మా?" అన్నాడతను. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. మెకానిక్ దగ్గర నేర్చుకున్నానన్నాను. అది సగం జవాబే. మా అమ్మమ్మ దూలానికి చీర ఉయ్యాల కట్టి, పసిబిడ్డను వేసే ముందు తానే వేలాడి చూసేది. గడ్డిమోపు, చేదతాడు, ధాన్యం మూట, ఆమె వేసిన ముడి జారగా నేను చూడలేదు. ఆమెకి ముడులు బాగా వచ్చని ఇంట్లో ఎవరైనా అనగానూ వినలేదు. ఎడ్లబండికి మోకు బిగించే తాతయ్యకి మాత్రం ఊళ్ళో ఆ పేరుండేది.

షాద్‌నగర్‌లో టీకి ఆపినప్పుడు బెల్టులు లాగి చూశాను. ఎడమవైపుది కాస్త వదులైంది. ఈసారి డ్రైవరే వచ్చి రెండు పళ్ళు బిగించాడు. జడ్చర్ల దాటాక పోలీసు ఆపి, ఆర్సీ చేతిలో ఉండగానే బండి ఎవరిదని అతన్నే అడిగాడు.

"మేడమ్‌ది సార్. కట్టింది నేనే" అన్నాడు.