పుట్టుక జోలికి పోని తిట్లు

మా ఊళ్లో తిట్టంటే కులం. కామందు ఎద్దు బెదిరి కట్టు తెంపుకున్నా "మాదిగ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదురా" అని మా నాయన్నే అనేవాడు. తిరిగి అనటానికి మా దగ్గర మాట లేదు. కామందు కులం పేరు తిట్టు కాదు గదా, పేరు చివర తగిలించుకునే మర్యాద.

2016లో చదువుకోటానికి బర్మింగ్‌హామ్ పోయాను. ఫీజుకోసం రాత్రిళ్లు గోడౌన్లో పెట్టెలు మోసేవాణ్ణి. నా పక్క తెల్ల కుర్రాడు ఒక పెట్టెను తలకిందులుగా పెట్టాడు. "యూ మపెట్" అన్నాడు సూపర్‌వైజర్. మపెట్ అంటే టీవీలో ఆడే గుడ్డబొమ్మ. కుర్రాడు నవ్వాడు. కాసేపటికి సూపర్‌వైజర్ చెవిమీద పెన్ను పెట్టుకుని దానికోసమే జేబులు తడుముకుంటుంటే కుర్రాడు అదే మాట తిరిగి అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను మాత్రం చేతిలో పెట్టె అట్టాగే పట్టుకుని చూస్తా నిలబడ్డాను. కూలోడు తిరిగి అన్నాడు, పని పోలేదు, వీపు పగల్లేదు!

అక్కణ్ణించి తిట్లు ఏరుకోటం మొదలుపెట్టాను. వాలీ, నంప్టీ అంటే తెలివితక్కువోడు. నంప్టీ స్కాట్లండ్ మాట. ప్లాంకర్‌ని ఊరూరా తిప్పింది 1981లో మొదలైన ఒక బీబీసీ హాస్య నాటకం, అందులో అన్న తమ్ముణ్ణి అట్టా అంటాడు. ప్రాట్ అంటే ఒకప్పుడు పిర్ర. పిలక్ అసలు బూతే, అది ఎవరికీ గుర్తులేదు. 'గిట్' దగ్గర ఆగిపోయాను. అక్రమంగా పుట్టినోడు అనే మాటలోంచి వచ్చింది. ఇప్పుడు ఉత్త పనికిమాలినోడు. అంటే పుట్టుకను తిట్టిన మాట కూడా అరిగిపోద్దన్నమాట. మా పేరెందుకు అరగలేదు? ఆ పేరు వెనక ఊరవతల గూడెం ఇంకా అట్టాగే ఉంది.

అక్కడ అన్నీ మెత్తని తిట్లేననుకోవద్దు. మనబోటి రంగువాళ్లని 'పాకీ' అంటారు. పాకిస్తాన్ లోంచి తుంచిన మాట. తెలుగు చెవికి అది ఇంకో రకంగా వినపడుద్ది. నా రూంలో ఉండే తెలుగు కుర్రాణ్ణి ఒకడు బస్సులో ఆ మాటన్నాడు. ఇంటికొచ్చి ఊగిపోయాడు. "మనల్ని పట్టుకుని పాకీవాళ్లంటాడా!" తెల్లోడి జాత్యహంకారం కన్నా ఆ పనివాళ్లతో జతచేయటమే అతన్ని ఎక్కువ కోసింది.

ఆ తెల్లోడిమీద కేసు పెట్టొచ్చు. మనోడు మనోణ్ణి కులంతో వేధిస్తే? 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చమని 2013లో పార్లమెంటు చెప్పింది. దళిత సంఘాలు అందుకోసం పోరాడాయి, కొన్ని హిందూ సంఘాలు వద్దని పట్టుబట్టాయి. 2018లో ప్రభుత్వం, కోర్టు తీర్పులే చాల్లెమ్మని వెనక్కి తగ్గింది.

నా రూమ్మేటు పాకీ అనిపించుకున్న రాత్రే, అన్నం తింటా, నా ఇంటిపేరు ఇంకోసారి అడిగాడు. చెప్పాను. "ఊళ్లో మీదెటుపక్క?" అన్నాడు.