నారు సంత

మే నెల రెండో వారం దాటితే న్యూజెర్సీలో మంచు దెబ్బ భయం దాదాపు తీరినట్టే. ఆ ధీమాతోనే ఊళ్లలో నారు సంతలు మొదలవుతాయి. లైబ్రరీ వెనక పార్కింగ్ స్థలంలోనో, కౌంటీ వ్యవసాయ విస్తరణ కార్యాలయం ముందో మడత బల్లలు వేసి, వాటి మీద అట్టపెట్టెల్లో చిన్న చిన్న కుండీలు పేరుస్తారు. అమ్మేవాళ్లు వ్యాపారులు కారు, మాస్టర్ గార్డెనర్లనే స్వచ్ఛంద సేవకులు. ఈ ఏర్పాటు 1973లో వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టింది. ఇంటి తోటల గురించి జనం అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేక విస్తరణాధికారులు సతమతమవుతుంటే, ఆసక్తి ఉన్నవాళ్లకే శిక్షణ ఇచ్చి, బదులుగా ఊరికి కొన్ని గంటలు పని చేసిపెట్టమన్నారు. తర్వాత అది దేశమంతా పాకింది.

ఈ సంత మీద నాకింత మమకారం దేనికంటే, మొక్కను పెంచిన మనిషి బల్లకు అవతలే నిలబడి ఉంటుంది. పెద్ద దుకాణంలో కుండీకి చీటీ ఉంటుంది కానీ అడిగితే చెప్పే నాథుడు ఉండడు. పూలమొక్కకైతే చీటీ చాలునేమో. వాసన కోసం, రుచి కోసం కొనే ఆకుమొక్కకు ఎంతమాత్రం చాలదు.

టారగాన్ సంగతే తీసుకోండి. ఫ్రెంచివాళ్లు కోడికూరలోనూ వెనిగర్‌లోనూ వేసుకునే ఈ ఆకుది సోంపు వాసన. అసలైన ఫ్రెంచ్ టారగాన్‌కు మొలకెత్తే విత్తనం ఉండదు. కొమ్మ నాటో, దుబ్బు విడదీసో పెంచాల్సిందే. విత్తనం వేస్తే వచ్చేది రష్యన్ టారగాన్. అది ఏపుగా పెరుగుతుంది, కంటికి ఇంపుగానూ ఉంటుంది, నోట్లో వేసుకుంటే మాత్రం వట్టి గడ్డి. చీటీ మీద రెండింటికీ ఒకటే పేరు ఉన్నా ఆశ్చర్యం లేదు. “విత్తనం వేశారా, కొమ్మ నాటారా?” అని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. ఇంకా అనుమానముంటే ఓ ఆకు తుంచుకోవచ్చా అని అడగండి, కాదనరు. నమిలితే సోంపు రుచి తగలాలి, ఆ వెనకే నాలుక కాస్త తిమ్మిరెక్కాలి. ఒరెగానో కూడా ఇంతే. ఒకే విత్తనాల పొట్లం నుంచి వచ్చిన మొక్కల్లోనే ఒకటి ఘుమఘుమలాడుతుంది, పక్కది ఊరికే పచ్చగా ఉంటుంది. అందుకే ప్రతి కుండీలోనూ ఆకు నలిపి చూసుకుని మరీ తీసుకోవాలి.

బేసిల్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. దుకాణంలో ఒకే కుండీలో పదీ పదిహేను మొలకలు కిక్కిరిసి ఉంటాయి. గుబురుగా కనిపిస్తుంది కదా అని కొంటాం. లోపల వేళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి, రెండు వారాలకల్లా మొదలు పసుపు తిరుగుతుంది. సంతలో ఒకావిడ బేసిల్ కుండీని అరచేతిలో బోర్లించి, అడుగున వేలితో తట్టి, మట్టిముద్ద పళంగా బయటికి తీసి చూపించింది. తెల్లటి సన్నని వేళ్లు అంచుదాకా వచ్చి ఆగాయి, ఇంకా చుట్టుకోలేదు. మొక్క జానెడు కూడా లేదు. తల తుంచేసిన చోట రెండు పిల్లకొమ్మలు వేస్తోంది. అలాంటిది ఎంచుకోవాలి. పూత పట్టిన పొడుగు మొక్కను అక్కడే వదిలేయాలి. ఆకు తిరగేసి చూడటం మరవకూడదు. అడుగున బూడిదరంగు నూగు కనిపిస్తే అది డౌనీ మిల్‌డ్యూ. 2007లో ఫ్లోరిడాలో బయటపడి, తర్వాత దేశమంతా బేసిల్ తోటలను తుడిచిపెట్టిన తెగులు ఇదే. దాన్ని తట్టుకునే రకాలను ఇక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్లే తయారుచేశారు. డివోషన్, అబ్సెషన్ అనే పేర్లు కనిపిస్తే కళ్లు మూసుకుని తెచ్చుకోవచ్చు.

కొత్తిమీర నారు మటుకు నేను కొనను, మీరూ కొనొద్దు. దానిది తల్లివేరు, కదిలిస్తే అలుగుతుంది, వెంటనే పూతకొస్తుంది. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి నేలలోనే చల్లుకోండి. తులసి కావాలంటే మాత్రం గట్టిగా అడగండి. హోలీ బేసిల్ అని అమ్మేవాటిలో చాలావరకు చలిదేశాల్లో త్వరగా ఎదిగి పూసే వేరే జాతి, మన కృష్ణ తులసి కాదు. క్యూబన్ ఒరెగానో అన్న చీటీ చూసి దాటిపోకండి, అది మన వామాకే. దళసరి ఆకు, శనగపిండిలో ముంచి బజ్జీలు వేసుకునేది.

మన ఊళ్ల నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు ఈ సంతల్లో చేయి వేయడం చూస్తే నాకెంతో సంతోషం. ఒక బల్ల దగ్గర గుంటూరు వైపు పిన్నిగారొకరు గోంగూర నారు పెట్టుకుని కూర్చున్నారు.

“ఎర్రదా తెల్లదా పిన్నిగారూ?”

“ఎర్రదేనమ్మా, కాడ చూడు. పులుపు దీనికే. తొందరపడి నేలలో పెట్టేవు, రాత్రిళ్లు ఇంకా చలిగా ఉంది. మట్టి వెచ్చబడనీ. అందాకా పగలు ఎండలో, రాత్రి వసారాలో.”

పొద్దు తగ్గేదాకా గోంగూర పూతకు రాదని, వేసవంతా ఆకు కోసుకోవచ్చని, పైనుంచి తుంచుతూ ఉండమని కూడా చెప్పారు. అడగకుండానే చెప్పారు.

మనవాళ్లు పొద్దున్నే వచ్చి వరసలో నిలబడేది మటుకు కరివేపాకు కోసం. అది ఎప్పుడూ చాలదు. నిమ్మ, నారింజ చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే సిల్లిడ్ అనే చిన్న పురుగుకు కరివేపాకు చెట్టన్నా ఇష్టమే. అందుకే ఆ పురుగున్న ఫ్లోరిడా లాంటి చోట్ల నుంచి మొక్కలు బయటికి పంపడం మీద కట్టడి ఉంది. ఆ కట్టడి న్యాయమైనదే, మిగతా చోట్ల నారింజ రైతుల బతుకు దాని మీద ఉంది. కాబట్టి ఇక్కడి సంతకు కరివేపాకు ఇక్కడి ఇళ్లలోంచే రావాలి. మీ ఇంట్లో చలికాలమంతా కిటికీ దగ్గర కాపాడుకున్న చెట్టు ఉంటే, దాని మొదట్లో పిలకలు వస్తుంటే, మార్చి చివర్లో వేరు తెగకుండా విడదీసి చిన్న కుండీల్లో పెట్టండి. నీడన ఉంచి, కొత్త చిగురు వేశాక సంతవాళ్లకు ఇవ్వండి. పక్కన కూర్చుని, చలికాలం లోపల పెట్టుకోవాలని, అప్పుడు నీళ్లు తగ్గించాలని కొనేవాళ్లకు మీరే చెప్పండి.