విక్లో కొండలలో నడక

దూరపు కొండలు నునుపు అనే సామెతను మైదానాలవాళ్ళే పుట్టించి ఉంటారు. కొండమీద పుట్టి పెరిగినవానికి దూరపు కొండ ఎంత నున్నగా కనిపించినా, ఎక్కడ అడుగు జారుతుందో, ఎక్కడ ఊపిరి అందదో ముందే తెలిసిపోతుంది. నేను కుమావోన్ కొండలవాణ్ణి. ఐర్లండులోని విక్లో పర్వతాలలోకెల్లా ఎత్తయిన లగ్నకిల్లా శిఖరం 925 మీటర్లని విన్నప్పుడు లోలోపల నవ్వుకొన్నాను. మా ఊరి బడి అంతకు రెండింతల ఎత్తున ఉన్నది. ఆ నవ్వుకు తగిన శాస్తి తరువాత జరిగింది. దానిని యథాక్రమంగా చెబుతాను.

మా అమ్మాయి డబ్లిన్ నగరంలో ఉద్యోగం చేస్తూ ఎనిమిదేళ్ళయినది. రమ్మని ఏటేటా వ్రాసేది. ఏదో సాకు చెప్పి తప్పించుకొనేవాణ్ణి. ఈ యేడు ఏప్రిల్‌లో వెళ్ళాను. కూతురిని చూడాలనే వెళ్ళాననడం సగం నిజం. నా చేతిసంచిలో కొన్ని కాగితాలున్నవి. ఊళ్ళో తాళం వేసి ఉన్న మా ఇంటినీ, దాని వెనుకనున్న మెట్టపొలాలనూ కొంటానని హల్ద్వానీ నుండి ఒక వ్యాపారి వచ్చాడు. ఆ ఆస్తి మా అమ్మాయి పేరుమీద కూడ ఉండడం వల్ల ఆమె సంతకం కావాలి. ఆ మాట ఫోనులో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

విక్లోను ఐర్లండు ఉద్యానమని పిలుస్తారు. డబ్లిన్ నుండి దక్షిణంగా కారులో గంట ప్రయాణం చేయకముందే కొండలు ఎదురవుతాయి. వెళ్ళినవారందరూ మొదట చూచేది పవర్స్‌కోర్ట్ తోట. సోపానపంక్తులు, రెక్కల గుఱ్ఱాల విగ్రహాలు, వాటి నడుమ కొలను, కొలను వెనుక చిత్తరువులో దిద్దినట్లు షుగర్‌లోఫ్ కొండ. 1974లో ఆ భవనం అగ్నికి ఆహుతి అయినదట. తోటకు మాత్రం ఏ కొరతా లేదు. అందంగా లేదని ఎవరనగలరు? కాని అక్కడి ప్రతి చెట్టూ దర్బారులో నిలుచున్న ఉద్యోగి వలె కనిపించింది. అరగంటలో బయటికి వచ్చి, టీ త్రాగి, గ్లెండలాక్ వైపు మళ్ళాము.

గ్లెండలాక్ అంటే ఐరిష్ భాషలో రెండు సరస్సుల లోయ అని అర్థం. ఆరవ శతాబ్దంలో కెవిన్ అనే సాధువు అక్కడ తపస్సు చేశాడు. ఆయన ఆశ్రమం పెరిగి పెద్ద మఠమైనది. ఇప్పుడు మిగిలినవి కప్పులేని గుడులు, వంగిన సమాధిశిలలు, వాటి నడుమ సుమారు ముప్పై మీటర్ల ఎత్తున ఒక గుండ్రని రాతి గోపురం. దాని ద్వారం నేలమీద లేదు. మనిషికి రెండింతల ఎత్తున ఉన్నది. కెవిన్‌ను గురించి అక్కడివారు ఒక కథ చెబుతారు. ఆయన చేయి చాచి ప్రార్థిస్తూండగా ఒక నల్లపిట్ట వచ్చి అరచేతిలో గూడు కట్టి గ్రుడ్లు పెట్టినదట. పిల్లలై ఎగిరిపోయేవరకు ఆ చేతిని ఆయన కదల్చలేదట. ఈ కథ వినగానే నాకు శాంతిపర్వంలోని జాజలి గుర్తుకు వచ్చాడు. ఆయన జడలలోనూ పిట్టలు గూడు కట్టినవి. ఆయనా పిల్లలు ఎగిరిపోయేదాకా కదలలేదు. అయితే మన జాజలికి తన ఓర్పును చూచుకొని గర్వం కలిగింది. ఆ గర్వాన్ని తులాధారుడనే వర్తకుడు దించవలసి వచ్చింది. కెవిన్ కథలో వర్తకుడు లేడు. పిట్టలు ఎగిరిపోయిన తరువాత ఆ చేతికి ఏమయినదో కూడ కథ చెప్పదు. పిల్లలను పెంచి పంపివేసినవారికి ఈ ప్రశ్న తోచకపోదు.

పై సరస్సును ఆనుకొని స్పింక్ అనే కొండచరియ ఉన్నది. దానిమీది నడక సుమారు తొమ్మిది కిలోమీటర్లు. మొదట అడవిలో నిట్టనిలువుగా మెట్లు. రైలుపట్టాల క్రింద పరచే దుంగలవంటి మొద్దులతో ఆరువందల మెట్లు కట్టారు. మూడువందలయ్యేసరికి నా నవ్వు ఆరిపోయింది. అమ్మాయి ముందు నడుస్తూ, వెనుదిరిగి చూడనట్లు నటిస్తూ, ప్రతి మలుపులోను నిలబడి బూటుదారాలు సవరించుకొనేది. పైకి చేరగా చెట్లు అంతమై గాలి మొదలయినది. అక్కడినుండి కొయ్యపలకల బాట చరియ అంచునే సాగిపోతుంది. క్రింద నల్లని నీరు, అవతల సీసపు గనుల పాడుపడిన ఇళ్ళు. బాటను పలకలతో ఎందుకు కట్టారా అనుకొన్నాను. ప్రక్కన కాలు మోపగానే తెలిసింది. ఆ నేల నేల కాదు. నీరు పీల్చిన పీచు. వేల యేళ్ళుగా కుళ్ళీ కుళ్ళక పేరుకొన్న నాచు. పదిమంది అడుగులు పడితే చాలు, అది చీలి, వానకు కొట్టుకొనిపోతుంది. చినుకులు మొదలయినవి. ఎదురుగా వచ్చిన ముసలాయన ఒకడు టోపీ తాకి, "మెత్తని రోజండీ!" అని పలుకరించి వెళ్ళాడు. ఆ దేశంలో సన్నని వానను అలాగే అంటారట. తడుపుతున్న వానను ఇంత మర్యాదగా తలచే జనాన్ని నేనెక్కడా చూడలేదు.

మరునాడు విక్లో వే అనే పొడవాటి కాలిబాటలో కొంతదూరం నడచాము. 1980లో మొదలైన ఆ బాట ఐర్లండులో గుర్తులు పెట్టి తీర్చిన దూరపు నడకబాటలలో మొదటిది. మొత్తం నూట ముప్పై కిలోమీటర్లకు దగ్గర. జె. బి. మలోన్ అనే ఆయన పత్రికలలో నడకలను గురించి ఏళ్ళతరబడి వ్రాసి వ్రాసి, చివరికి దానిని సాధించాడు. త్రోవలో గొఱ్ఱెల మందలు, వాటి వీపులమీద నీలి, ఎఱ్ఱ రంగుల గుర్తులు, పేర్చిన రాళ్ళ గోడలు, ముళ్ళపొదల నిండా గోర్స్ అనే పసుపుపచ్చని పువ్వులు. ఒకచోట కొయ్య గేటు తెరచి దాటాము. పొలంలోని రైతు దూరం నుండే కేకవేశాడు. ఏదో తప్పు చేశామని భయపడ్డాను. గేటు వేసి రమ్మని ఆయన చెప్పినది, అంతే. ఐర్లండులో పరుల నేలమీద నడిచే హక్కు అందరికీ లేదు. చాలా బాటలు రైతులు దయతో ఇచ్చిన అనుమతివల్ల సాగుతున్నవి. 2008 నుండి బాటలను బాగుచేసి ఉంచే రైతులకు ప్రభుత్వం కొంత సొమ్ము ఇస్తున్నది. ఈ సంగతి తెలిసిన తరువాత ప్రతి గేటును రెండుసార్లు తట్టి చూచి మూశాను.

ఆ కొండల నడుమ సాగే రోడ్డుకు మిలిటరీ రోడ్ అని పేరు. 1798 తిరుగుబాటు అణగిన తరువాత, కొండలలో దాగినవారిని పట్టుకొనడానికి 1800 నుండి 1809 వరకు ఇంగ్లీషువారు దానిని వేయించారు. నేడు విహారయాత్రికులు దానిమీద నిలిచి ఫోటోలు తీసుకొంటారు. మా కొండలలోను అంతే. తెల్లదొరలు ఏ పనికని వేసిన రోడ్డుమీద మనం ఏ పనికని తిరుగుతున్నామో ఎవరూ అడగరు.

ఐర్లండు పల్లెలలో నడిచేవారికి కప్పులేని ఇళ్ళు తరచుగా తగులుతాయి. రెండు గోడలు, ఒక పొయ్యి, పొయ్యిలో మొలచిన చెట్టు. అన్నీ కరవునాటివి కావు. కాని చూచినవాని మనస్సు అక్కడికే పోతుంది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు వచ్చింది. 1841లో ఎనభై ఒక్క లక్షలకు పైగా ఉన్న జనసంఖ్య 1851 నాటికి అరవై అయిదు లక్షలకు పడిపోయింది. సుమారు పది లక్షలమంది ఆకలికి, రోగాలకు చనిపోయారు. అంతకంటె ఎక్కువమంది ఓడలెక్కారు. నేటికీ ఆ దీవి జనసంఖ్య 1841 నాటి సంఖ్యను అందుకోలేదు. మా ఉత్తరాఖండ్‌లో కరవు రాలేదు, తెగులు రాలేదు. అయినా 2011 జనాభా లెక్కలలో మనుషులే లేని గ్రామాలు వెయ్యికి పైగా తేలినవి; అల్మోడా, పౌడీ గఢ్వాల్ జిల్లాల జనం అంతకు ముందు పదేళ్ళలో తగ్గిపోయారు. మా ఇల్లు ఆ లెక్కలో చేరదు. ఊళ్ళో ఇంకా నాలుగు పొయ్యిలు వెలుగుతున్నవి.

కిల్మకర్రా తోటను చివరన పెట్టుకొన్నది అమ్మాయి. ఎందుకని అడిగితే "చూడు" అన్నది. రాత్‌డ్రమ్‌కు తూర్పుగా, పెద్ద ఆర్భాటం లేకుండా ఉన్నదా తోట. ఆక్టన్ వంశపు జమీందారులది. వారి పాత భవనం 1978లోను, 1982లోను నిప్పంటుకొని పాడుపడినది. 1996 నుండి తోట జాతీయ ఉద్యానంలో భాగం. ఇంటికి ఎదురుగా ఒక విశాలమైన బాట ఉన్నది. ఇరువైపుల నల్లని యూ చెట్లు, వాటి నడుమ నడుమ ఎఱ్ఱని పూలచెట్లు. కొమ్మలు పైన కలిసిపోయి సొరంగమైనది. నేలంతా రాలిన పూలు. నెత్తుటి రంగు తివాచీ పరచినట్లున్నది. నేను అడుగు వేయలేక నిలిచిపోయాను.

అది బురాంశ్. శుద్ధమైన బురాంశ్ కాదు, దాని రక్తం కలిసిన సంకరజాతి అని తరువాత తెలిసింది. కాని నా కళ్ళకు ఆ భేదం తెలియలేదు. పాఠకులలో హిమాలయాలు చూడనివారికి చెప్పవలసి ఉన్నది: మా కొండలలో చలి వెనుకాడే వేళ అడవి అంతటికీ ముందుగా ఎఱ్ఱబారే చెట్టు అది. ఇంగ్లీషువారు రోడోడెండ్రన్ అంటారు. పూల రసంతో మా ఇళ్ళలో షర్బత్ చేస్తాము. చైత్రం మొదటిరోజున ఫూల్‌దేయి పండుగకు పిల్లలు ఈ పూలనూ, ప్యోలీ అనే పచ్చని పూలనూ బుట్టలలో తెచ్చి ఇంటింటి గడపమీద చల్లుతారు. ఇంటివారు వారికి బియ్యం, బెల్లం పెడతారు. మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు అందరి గడపలకు పూలు పంచివేసి, మా గడపకు లేక ఏడ్చినది.

ఇన్ని హిమాలయపు చెట్లు ఇక్కడికి ఎలా వచ్చినవో తోటలోనే తెలుసుకొన్నాను. జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త 1848లో డార్జిలింగ్ చేరి, సిక్కిం లోయలలో తిరిగి, విత్తనాలను ఇంగ్లండుకు పంపాడు. 1849లో సిక్కిం దివాను ఆయననూ, డార్జిలింగ్ అధికారి క్యాంబెల్‌నూ నిర్బంధించాడు. మరుసటి సంవత్సరం ఇంగ్లీషువారు ఆ నెపంతో సిక్కిం దిగువ భూములను కలుపుకొన్నారు. విత్తనాలలో కొన్ని డబ్లిన్‌లోని గ్లాస్‌నెవిన్ ఉద్యానానికి చేరినవి. అక్కడి సున్నపునేల ఈ చెట్లకు పడదు. అందువల్ల ఉద్యానాధికారి డేవిడ్ మూర్ కిల్మకర్రా జమీందారు థామస్ ఆక్టన్‌తో స్నేహం కలిపి, పులుపు నేల, మిక్కిలి వాన ఉన్న ఈ చోట వాటిని నాటించాడు. 1845 ఆగస్టులో గ్లాస్‌నెవిన్ మడిలో బంగాళాదుంప ఆకులమీద మచ్చలను కనిపెట్టినవాడు కూడ ఈ డేవిడ్ మూరే. కన్నులెదుట దేశం ఆకలితో పడిపోతూండగా, అదే మనిషి చేతిలోకి మా కొండల విత్తనాలు వచ్చినవి. ఆయనను నిందించడానికి నాకు మనసు రాలేదు, మెచ్చుకొనడానికీ రాలేదు. ఆక్టన్ వారసులిద్దరు మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయారు; తోట అడవి అయినది; చెట్లు మాత్రం తమ మానాన పెరిగినవి. ఈ తోట ప్రధానోద్యానకారుడు షేమస్ ఓబ్రైన్ హుకర్ అడుగుజాడలలో సిక్కిం వెళ్ళి చూచి, 2018లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఎవరో ఒకరు తిరిగి వెళ్ళి చెట్ల పుట్టిల్లు చూచి వచ్చారన్నమాట.

"నూటయాభై యేళ్ళకు పైగా ఇక్కడే ఉన్నవి బాబా, వీటిని ఎవరైనా పరదేశులంటారా?" అన్నది అమ్మాయి.

నేను తొందరపడి కిల్లార్నీ సంగతి ఎత్తాను. ముందు వారం అక్కడికి వెళ్ళాము. ఆ సరస్సుల ప్రక్క ఓక్ అడవులలో ఇదే కుటుంబపు మరొక చెట్టు, పాంటికం అనేది, విపరీతంగా వ్యాపించింది. అది హిమాలయాలది కాదు. ఐబీరియా, నల్లసముద్ర తీరాలది. పదునెనిమిదో శతాబ్దంలో శోభకోసం తెచ్చారు. దాని నీడలో ఓక్ మొలక బ్రతకదు. మనుషులు దశాబ్దాలుగా దానిని నరుకుతూనే ఉన్నారు, అది మొలుస్తూనే ఉన్నది. వలస వచ్చిన చెట్టు మంచిదో చెడ్డదో అంత సులభంగా చెప్పలేమన్నాను. నా ఉద్దేశం వాదం గెలవడమే. ఆమె మౌనంగా విని, "నేను ఏ చెట్టునో నువ్వు తేల్చుకో" అన్నది. నవ్వుతూనే అన్నది. ఆ నవ్వు వాళ్ళమ్మది.

టీ త్రాగేచోట బల్లమీద కాగితాలు పెట్టాను. ఎనిమిది రోజులుగా సంచిలో మోసినవి. ఆమె ఆశ్చర్యపడలేదు, అన్నిటినీ వరుసగా చదివినది, సర్వే నంబర్లతో సహా.

"ఇంటి వెనుక బురాంశ్ ఉండేది, ఉన్నదా?"

"ఉన్నది. ఈ యేడు ముందుగానే పూచింది, ఫిబ్రవరిలోనే."

"ఇందులో దాని మాట లేదే?"

నిజమే, లేదు. బావి ఉన్నది, గోడలున్నవి, అక్రోటు చెట్లు రెండు ఉన్నవి. అమ్మకానికి వచ్చే కాయ కాదు గనుక కాబోలు, దానిని ఎవరూ వ్రాయలేదు. ఆమె కలం మూత పెట్టి, కాగితాలు మడిచి తన సంచిలోనే పెట్టుకొన్నది. నేను తిరిగి అడగలేదు. తోట మూసే వేళ అయినదని ఒక మనిషి వచ్చి చెప్పాడు. మళ్ళీ ఆ ఎఱ్ఱని బాటవెంటనే నడచి వచ్చాము. ఈసారి రాలిన పూలను తొక్కకుండా అంచువెంబడి నడవబోయాను గాని, అంచున కూడ పూలే ఉన్నవి.