మేనల్లుడి జీపు

సూరత్ మిల్లులో మగ్గాలు నడిపి, ఇప్పుడు రాయగడలో చెల్లెలి దగ్గరుంటున్నాను. పోయినేడు మేనల్లుడికి జ్వరమొచ్చి, వారం రోజులు అద్దె జీపు ఇంకొకడికిచ్చాడు. కోరాపుట్ దారిలో అందులో గంజాయి మూట దొరికింది. పోలీసులు జీపు పట్టుకుపోయారు.

"నా తప్పేంటి మావయ్యా?" అని వాడి ఏడుపు. జీపు వానకి తడిసి తుప్పుపట్టింది, కిస్తీ మాత్రం ఆగలేదు. చెల్లెలి గాజులు అమ్మేశాం.

1985 నాటి మత్తుమందుల చట్టం 60వ సెక్షన్ కింద బండి జప్తవుతుందట. తనకీ, నడిపినవాడికీ తెలియదనీ, జాగ్రత్తపడ్డామనీ ఓనరు రుజువు చేస్తే జప్తు ఉండదట. కేసు తేలకముందే కోర్టు బండిని వదలొచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అది తెలియక అయిదు నెలలు స్టేషను చుట్టూ తిరిగాం. కోర్టులో అర్జీ పెట్టాకే జీపు ఇల్లు చేరింది.

బండి పరాయి చేతికిస్తే కాగితం రాయించుకోండి.