దిబ్బరొట్టా? మినపరొట్టా?

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఓ కెఫేలో మా అమ్మాయి 'బ్రుషెట్టా' చెప్పింది. తీరా వచ్చింది చూస్తే కాల్చిన బ్రెడ్డు ముక్కలు, పైన టమాటా తరుగు, ఆలివ్ నూనె. "కాల్చిన రొట్టేగా!" అన్నాను. అది నవ్వింది గానీ, నా మాట నిజమే. ఇటలీవాళ్లు 'బ్రుస్కెట్టా' అని పలుకుతారు. రోమ్ వైపు యాసలో 'బ్రుస్కారే' అంటే నిప్పుల మీద కాల్చడం. టస్కనీలో కాల్చిన ముక్కకి వెల్లుల్లి రుద్ది, నూనె పోసి 'ఫెత్తుంతా' అంటారు. నూనె పట్టిన ముక్క అని!

మాకు అంత దూరం అక్కర్లేదు, మచిలీపట్నంలో ఒక్క వంటింట్లోనే తగువు. అమ్మమ్మకి అది 'దిబ్బరొట్టె'. అమలాపురం నుంచి కోడలిగా వచ్చిన అత్తయ్యకి 'మినపరొట్టె'. ఈవిడ పప్పుని చూసి పిలిస్తే, ఆవిడ మందం చూసి పిలిచేది. సొరకాయ, ఆనపకాయ గొడవ సరేసరి.

చేసేది మాత్రం ఒకటే. మినప్పప్పు ఒక వంతు, బియ్యపు రవ్వ రెండు వంతులు. మందపాటి ఇనప మూకుడు, సన్నటి సెగ, పైన మూత. తొందరపడితే అడుగు మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అడుగు ఎర్రగా కరకరలాడాలి, లోపల దూదిలా ఉండాలి. ఆ అడుగు చెక్క కోసం పిల్లలం కొట్టుకునేవాళ్లం.

అమ్మమ్మ పోయాక మొదటి వేసవి సెలవుల్లో అత్తయ్యే మూకుడు దించి, "దిబ్బరొట్టె అయింది, రండర్రా" అని పిలిచింది. ఎవరమూ ఏమీ అనలేదు. అల్లప్పచ్చడి వేసుకుని తిన్నాం.